నగ మీది రాత చదువుదాం

కడప జిల్లాలో ప్రొద్దుటూరు పెద్ద ఊరు. పెన్నా నది ఒడ్డున ఉంది. బంగారు వ్యాపారానికి ఈ ఊరు పేరు పొందింది. అందుకే దీన్ని పసిడిపురి అంటారు. రెండో బొంబాయి అని కూడా అంటారు.

జమ్మలమడుగు వైపు పల్లెల్లో శనగ పండుతుంది. పులివెందుల వైపు చీనీ తోటలు ఉన్నాయి. పంట చేతికొస్తే అప్పులు తీరుస్తారు. ఇంకా మిగిలితే కొంచెం బంగారం కొంటారు. ఇంట్లో పెళ్లి కుదిరితే ప్రొద్దుటూరు బస్సు ఎక్కుతారు. కూలికి పోయే ఆడవాళ్లు కూడా రూపాయి రూపాయి కూడబెట్టి ఒక జత కమ్మలు చేయించుకుంటారు.

వాన రాని ఏడు అదే నగ మళ్లీ డబ్బు అవుతుంది. బిడ్డ చదువుకు, ఆసుపత్రి ఖర్చుకు, విత్తనాలకు ఆదుకుంటుంది. నగ అందం కోసమే కాదు. అది ఆడవాళ్లు దాచుకున్న డబ్బు.

బ్యాంకులో డబ్బు దాచుకుంటే ఎంత ఉందో పుస్తకంలో రాసి ఉంటుంది. మరి నగలో ఎంత బంగారం ఉందో ఎలా తెలుస్తుంది? దానికీ రాత ఉంది. కొంత నగ మీద ఉంటుంది. కొంత బిల్లులో ఉంటుంది. చదవడం వచ్చిన వాళ్లు ఆ రెండూ చదవాలి.

క్యారట్ అంటే ఏమిటి?

స్వచ్ఛమైన బంగారం మెత్తగా ఉంటుంది. దానితో గాజులు చేస్తే తొందరగా వంగిపోతాయి. గొలుసు చేస్తే సాగిపోతుంది. అందుకని బంగారంలో కొంచెం రాగి, వెండి లాంటి లోహాలు కలుపుతారు. అప్పుడు నగకు గట్టిదనం వస్తుంది.

ఒక బంగారు ముద్దను 24 సమాన భాగాలు చేశామనుకోండి. 24 భాగాలూ బంగారమే అయితే అది 24 క్యారట్లు. 22 భాగాలు బంగారం, 2 భాగాలు వేరే లోహం అయితే 22 క్యారట్లు. 18 భాగాలే బంగారమైతే 18 క్యారట్లు.

ఇదే సంగతిని వెయ్యి భాగాల లెక్కలో కూడా చెబుతారు. 22 క్యారట్ల నగలో వెయ్యికి 916 భాగాలు బంగారం ఉంటుంది. 20 క్యారట్లు అంటే 833. 18 క్యారట్లు అంటే 750. 14 క్యారట్లు అంటే 585. అంగడిలో "ఇది 916 అమ్మా" అంటే 22 క్యారట్ల బంగారం అని అర్థం.

వెండికీ ఇలాంటి లెక్కే ఉంది. వెండి వస్తువు మీద 925 అని ఉంటే, వెయ్యికి 925 భాగాలు వెండి అని అర్థం. మిగతాది వేరే లోహం. కాళ్ల పట్టీలు, మెట్టెలు, మొలతాడు కొనేటప్పుడు ఈ అంకె అడగాలి.

కొందరు "ఇది కే.డి.ఎం. బంగారం, చాలా మంచిది" అంటారు. కే.డి.ఎం. అనేది క్యారట్ల గుర్తు కాదు. నగ ముక్కలను అతికించడానికి కాడ్మియం అనే లోహం వాడేవారు. ఆ పేరే అలా వచ్చింది. కాడ్మియం పొగ పని చేసే ఆచారుల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కాబట్టి కే.డి.ఎం. అనే మాట విని డబ్బు ఇవ్వకూడదు. 916 ఉందా లేదా అని చూడాలి.

నగ మీద మూడు గుర్తులు

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ ఉంది. దాన్ని బి.ఐ.ఎస్. అంటారు. ఈ సంస్థ 2000 సంవత్సరంలో బంగారు నగలకు హాల్‌మార్కు వేసే పద్ధతి తెచ్చింది. 2005లో వెండికి తెచ్చింది. హాల్‌మార్కు అంటే, నగను పరీక్ష చేసి వేసే ముద్ర.

2021 జూన్ 23 నుంచి దేశంలోని 256 జిల్లాల్లో బంగారు నగలకు ఇది తప్పనిసరి అయింది. తర్వాత ఇంకా జిల్లాలు చేరాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అంగళ్లలో అమ్మే హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలని నియమం వచ్చింది.

ఇప్పుడు నగ మీద మూడు గుర్తులు ఉంటాయి.

మొదటిది, మూడు మూలల బి.ఐ.ఎస్. గుర్తు.
రెండోది, స్వచ్ఛత. 22కే916 అని ఉంటుంది.
మూడోది, ఆరు అక్షరాల సంఖ్య. ఇందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. దీన్ని హెచ్.యు.ఐ.డి. అంటారు.

ఒక నగ సంఖ్య ఇంకో నగకు ఉండదు. మనిషికి ఆధార్ సంఖ్య ఎలాగో నగకు ఇది అలాగ. సెల్‌ఫోన్‌లో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ ఉంది. అందులో ఈ ఆరు అక్షరాలు కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. అది ఏ నగ, ఎన్ని క్యారట్లు, ఎక్కడ పరీక్ష చేశారు అనేది కనిపిస్తుంది. చేతిలో గొలుసు ఉండి ఫోన్‌లో ఉంగరం అని వస్తే, ఆ నగ కొనకూడదు.

ఈ గుర్తులు చాలా చిన్నవి. కమ్మల కాడ మీదో, గొలుసు కొక్కెం దగ్గరో ఉంటాయి. మామూలు కంటికి కనబడవు. అంగడిలో భూతద్దం అడిగి చూడాలి. అడగడానికి మొగమాటం వద్దు.

2 గ్రాముల లోపు చిన్న వస్తువులకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అందుకే చిన్న ముక్కుపుడక మీద గుర్తు లేకపోవచ్చు. అప్పుడు క్యారట్లు ఎన్నో బిల్లులో రాయించుకోవాలి.

తూకం దగ్గర జాగ్రత్త

ఊళ్లల్లో తులం, సవరను అనే మాటలు వాడతారు. పాత లెక్కలో తులం అంటే 11 గ్రాముల 664 మిల్లీగ్రాములు. ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులం అంటారు. సవరను అంటే 8 గ్రాములు. ఒకే మాటకు రెండు లెక్కలుంటే మోసపోయే వీలుంది. కాబట్టి గ్రాముల్లో అడగండి. గ్రాముల్లోనే రాయించుకోండి.

నగ పెట్టకముందు తూకం మిషన్ మీద సున్నా ఉండాలి. ఫ్యాను గాలికి అంకెలు కదులుతుంటే ఫ్యాను ఆపమనండి. తూకం మిషన్‌ను తూనికలు కొలతల శాఖ పరీక్ష చేసి ముద్ర వేస్తుంది.

రాళ్ల కమ్మలు, రాళ్ల నెక్లెసు కొనేటప్పుడు రెండు తూకాలు ఉంటాయి. మొత్తం తూకం ఒకటి. రాళ్లు తీసేస్తే మిగిలే బంగారం తూకం ఇంకొకటి. లోపల గుల్లగా ఉండే నగల్లో లక్క నింపుతారు. ఆ లక్క కూడా తూగుతుంది. రాయికీ లక్కకూ బంగారం ధర కట్టకూడదు.

బిల్లు చదవడం ఎలా?

జమ్మలమడుగు దగ్గర పల్లె నుంచి ఒక అక్క ప్రొద్దుటూరు వచ్చింది అనుకోండి. 10 గ్రాముల గొలుసు చూసింది.

"ఎంత పడతాది అన్నా?" అని అడిగింది.

"లక్షా పదమూడు వేలు అయితాది అక్కా."

"గ్రాము పది వేలే కదా అన్నా. మరి పదమూడు వేలు ఎందుకు ఎక్కువ? లెక్క రాసియ్యి, చదువుకుంటా."

ఆ అక్క అడిగింది సరైన మాట. లెక్క ఇలా ఉంటుంది. బంగారం ధర రోజూ మారుతుంది. ఇక్కడ తేలికగా ఉండేందుకు గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం.

బంగారం 10 గ్రాములు: 1,00,000 రూపాయలు
తరుగు నూటికి 8 చొప్పున: 8,000 రూపాయలు
మజూరీ: 2,000 రూపాయలు
ఈ మూడూ కలిపి: 1,10,000 రూపాయలు
జీఎస్‌టీ పన్ను నూటికి 3 చొప్పున: 3,300 రూపాయలు
మొత్తం: 1,13,300 రూపాయలు

హాల్‌మార్కు రుసుము దీనికి అదనం. 2022లో దాన్ని ఒక్కో బంగారు నగకు 45 రూపాయలు చేశారు. దాని మీద పన్ను వేరే. హాల్‌మార్కు పేరు చెప్పి వందలూ వేలూ అడిగితే ఒప్పుకోవద్దు.

తరుగు అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం. కోసేటప్పుడు, ఆకురాయి పెట్టేటప్పుడు పొడి రాలుతుంది. నిజానికి ఆ పొడి వృథాగా పోదు. ఆచారి కూర్చునే చోట ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు. అందులోని బంగారాన్ని మళ్లీ తీస్తారు. మజూరీ అంటే నగ చేసిన కూలి. తరుగు, మజూరీ అంగడికీ అంగడికీ మారతాయి. పని ఎక్కువ ఉన్న నగకు ఎక్కువ పడతాయి. కాబట్టి రెండు మూడు అంగళ్లలో అడగాలి. ఇక్కడే బేరం ఆడాలి.

బిల్లులో ఈ సంగతులు ఉండాలి. నగ పేరు ఉండాలి. రాళ్లు తీసేసిన బంగారం తూకం ఉండాలి. క్యారట్లు ఉండాలి. ఆ రోజు ధర ఉండాలి. తరుగు, మజూరీ, పన్ను, హాల్‌మార్కు రుసుము వేరువేరుగా ఉండాలి.

తెల్ల కాగితం మీద రాసిచ్చే చీటీ బిల్లు కాదు. "బిల్లు లేకుంటే పన్ను తగ్గుతుంది" అని కొందరు ఆశ పెడతారు. అలా మూడు వేలు మిగిలినట్టు ఉంటుంది. రేపు ఆ నగలో బంగారం తక్కువ వస్తే అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

నగను కాపాడుకోవడం

నగకు చెమట, పసుపు, కుంకుమ, నూనె పట్టి మురికి చేరుతుంది. కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొంచెంసేపు నానబెట్టాలి. మెత్తని బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. మంచి నీళ్లతో కడిగి, నూలు గుడ్డతో తుడవాలి. గిన్నె కింద పెట్టుకొని కడగాలి. కాలువ దగ్గర కడిగితే రాయి ఊడినా కనబడదు.

ఇటుక పొడి, ఇసుక, బూడిద వేసి తోమకూడదు. తోమినప్పుడల్లా కొంచెం బంగారం అరిగిపోతుంది. ముత్యాలను, పగడాలను నానబెట్టకూడదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది. పెళుసుగా మారుతుంది. జ్వరం చూసే పాత గాజు గొట్టం పగిలితే ముందు ఉంగరం, గాజులు తీసేయాలి. బ్లీచింగ్ నీళ్లలో చేతులు పెట్టేటప్పుడు కూడా నగలు తీసేయడం మంచిది.

వెండి నల్లబడితే అది దొంగ వెండి అని భయపడవద్దు. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండిని నల్లగా చేస్తుంది. వెండి నగలను పొడి నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. పక్కన ఒక సుద్దముక్క వేస్తే అది తేమను పీల్చుకుంటుంది.

తాళిబొట్టు సరుడు కొక్కెం, గొలుసు కొండీలు రోజూ ఒరుసుకొని పలచబడతాయి. నెలకొకసారి చూసుకోవాలి. నల్లపూసల దారం పాతబడితే తెగకముందే మార్చాలి. పొలం పనిలో తెగిన గొలుసు మట్టిలో దొరకడం కష్టం.

మెరుగు పెడతామని వచ్చేవాళ్లు

మధ్యాహ్నం పూట మగవాళ్లు ఇంట్లో లేనప్పుడు కొందరు ఊళ్లోకి వస్తారు. "అమ్మా, మీ నగలకు మెరుగు పెడతాం. డబ్బు కూడా వద్దు" అంటారు. ముందు ఇత్తడి చెంబు తోమి తళతళలాడేలా చూపిస్తారు. తర్వాత గొలుసు అడుగుతారు. ఒక ద్రావకంలో ముంచుతారు. గొలుసు మెరుస్తుంది. వాళ్లు వెళ్లిపోతారు. తర్వాత తూకం వేస్తే బంగారం తగ్గి ఉంటుంది.

బంగారం ఎక్కడికి పోయింది? ఆ నీళ్లలోకి పోయింది. రెండు రకాల ఘాటైన ఆమ్లాలను కలిపితే బంగారాన్ని కరిగించే ద్రావకం తయారవుతుంది. వాళ్లు ఆ నీళ్లు తీసుకుపోయి, అందులోంచి బంగారం తీసుకుంటారు. ఇంకొందరు మాటల్లో పెట్టి నగనే మార్చేస్తారు.

ఇంటి ముందుకు వచ్చిన వాళ్లకు నగ ఇవ్వవద్దు. మెరుగు పెట్టించాలంటే తెలిసిన అంగడికే పోవాలి. ఇచ్చేముందు తూకం, తీసుకునేటప్పుడు తూకం వేయించాలి.

నగ ఎవరిది?

పెళ్లిలో పుట్టింటి వాళ్లు పెట్టిన నగ, అత్తింటి వాళ్లు ఇచ్చిన నగ, ఆమె సొంత సంపాదనతో కొన్న నగ ఆమెవే. దీన్ని స్త్రీధనం అంటారు. 1985లో సుప్రీం కోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. 2024లో మళ్లీ చెప్పింది. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదు. కష్టకాలంలో భర్త దాన్ని వాడుకోవచ్చు. కానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతని మీద ఉంటుంది.

కాబట్టి నగను కుదువ పెట్టాలన్నా, అమ్మాలన్నా ఆమెకు చెప్పాలి. ఆమె ఒప్పుకోవాలి. బిల్లు ఆమె పేరు మీద ఉంటే మంచిది. పెళ్లిలో పెట్టిన నగల పట్టీ ఒకటి రాసి, తూకాలు వేసి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

కుదువ పెట్టాలా? అమ్మాలా?

డబ్బు కొన్ని నెలలకే కావాలంటే, తిరిగి కట్టే దారి ఉంటే, కుదువ పెట్టవచ్చు. తిరిగి కట్టే దారి లేకుంటే వడ్డీ పెరిగి నగ వేలానికి పోతుంది. అప్పుడు అమ్మడమే మేలు కావచ్చు.

వడ్డీ లెక్క ముందే వేసుకోవాలి. "నూటికి రెండు రూపాయలే" అంటే తక్కువగా వినిపిస్తుంది. అది నెలకు. అంటే సంవత్సరానికి నూటికి 24 రూపాయలు. 50,000 రూపాయలకు సంవత్సరం వడ్డీ 12,000 అవుతుంది. బ్యాంకులో సంవత్సరానికి నూటికి 10 రూపాయలు అనుకుంటే 5,000 అవుతుంది. తేడా 7,000 రూపాయలు.

బంగారు అప్పుల గురించి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నియమాలు ఇచ్చింది. బ్యాంకులు, అప్పులిచ్చే కంపెనీలు వీటిని 2026 ఏప్రిల్ 1 నాటికల్లా అమలు చేయాలని చెప్పింది. ఆ నియమాల్లో కొన్ని ఇవి.

నగను అప్పు తీసుకునే మనిషి ముందే పరీక్ష చేయాలి. తూకం, క్యారట్లు, రాళ్లకు తగ్గించిన తూకం రాసి కాగితం ఇవ్వాలి. కాగితాలు ఆ ప్రాంతపు భాషలో గానీ, ఆమె కోరిన భాషలో గానీ ఉండాలి. చదువు రాని వాళ్లకు సాక్షి ముందు వివరించాలి. ఆ సాక్షి అప్పు ఇచ్చే సంస్థ ఉద్యోగి కాకూడదు. అప్పు మొత్తం తీర్చాక 7 పనిదినాల లోపు నగ తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి.

ఊళ్లో వడ్డీకి ఇచ్చే మనిషి దగ్గర ఈ రక్షణ దొరకదు. అక్కడ కుదువ పెట్టక తప్పకపోతే రసీదు తప్పకుండా తీసుకోవాలి.

అమ్మేటప్పుడు

పాత నగ అమ్మితే కొన్నప్పుడు ఇచ్చిన డబ్బంతా రాదు. తరుగు, మజూరీ, పన్ను తిరిగి రావు. ఇందాకటి గొలుసుకు 1,13,300 ఇచ్చారు. ధర మారకుండా ఉంటే బంగారం విలువ లక్షే. కాబట్టి ఊరికే మోడల్ మార్చుకోవడానికి నగ మార్చితే ప్రతిసారీ నష్టమే.

హాల్‌మార్కు లేని పాత నగను కూడా అంగడిలో అమ్మవచ్చు. "ముద్ర లేదు, చెల్లదు" అనే మాట నమ్మవద్దు. జేజి కాలం నాటి నగల్లో క్యారట్లు రకరకాలుగా ఉంటాయి. 1963లో ప్రభుత్వం 14 క్యారట్లకు మించి కొత్త నగలు చేయకూడదని నియమం పెట్టిన కాలం కూడా ఉంది. తర్వాత వచ్చిన బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. అందుకే పాత నగను పరీక్ష చేయించాలి.

గీటురాయి మీద గీసి చూడటం పాత పద్ధతి. అందులో చూసేవాళ్ల కన్నే కొలత. ఇప్పుడు నగ చెడకుండా క్యారట్లు చూపించే మిషన్లు ఉన్నాయి. బి.ఐ.ఎస్. గుర్తించిన హాల్‌మార్కు కేంద్రాల్లో మామూలు జనం కూడా నగలు పరీక్ష చేయించుకోవచ్చు.

పరీక్ష ఎందుకు అవసరమో ఈ లెక్క చూడండి. పులివెందుల నుంచి ఒక అత్త రాళ్ల నెక్లెసు అమ్మడానికి వచ్చింది అనుకోండి. మొత్తం తూకం 12 గ్రాములు. రాళ్లు 2 గ్రాములు. బంగారం 10 గ్రాములు. 22 క్యారట్ల ధర గ్రాముకు 10,000 అనుకుందాం.

నగ 20 క్యారట్లయితే 90,909 రూపాయలు రావాలి.
18 క్యారట్లయితే 81,818 రూపాయలే వస్తాయి.

మాటలో తేడా రెండు క్యారట్లే. డబ్బులో తేడా 9,091 రూపాయలు. అందుకే ఆమె ఇలా అడగాలి:

"నాయనా, మిషన్‌లో పెట్టి నాకు చూపియ్యి. రాళ్ల తూకం ఎంత తీసేసినారు? ఆ రాళ్లు నాకే ఇయ్యండి."

నగను కరిగించి చూస్తామంటే, ధర ఒప్పుకోకముందే కరిగించనివ్వకూడదు. కరిగించేది కళ్ల ముందే జరగాలి. రెండు మూడు అంగళ్లలో ధర అడగాలి. వచ్చిన డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో వేయించుకోవాలి. అమ్మినందుకు రసీదు తీసుకోవాలి.

మోసం జరిగితే

హాల్‌మార్కు మీద రాసినదాని కంటే బంగారం తక్కువ ఉంటే, తక్కువైన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా ఇవ్వాలని 2018 నాటి బి.ఐ.ఎస్. నియమాలు చెబుతున్నాయి. ముందు బిల్లు తీసుకొని అంగడికి పోవాలి. అక్కడ తెగకపోతే జాతీయ వినియోగదారుల ఫోను నంబరు 1915కు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ రుసుము లేదు. ఎక్కడికి పోయినా మొదట అడిగేది బిల్లే.

గుర్తుంచుకోండి

మాట విని కాదు, రాత చదివి కొనండి.
గ్రాముల్లోనే అడగండి.
రాయికి బంగారం ధర ఇవ్వకండి.
బిల్లు లేని నగ కొనకండి.
ఇంటి ముందు మెరుగు పెట్టించకండి.
పరీక్ష చేయించకుండా పాత నగ అమ్మకండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఉన్న నగలను భూతద్దంతో చూడండి. కనబడిన అంకెలు, అక్షరాలు నోటు పుస్తకంలో రాయండి.

2. ఒక పట్టిక గీయండి. నగ పేరు, తూకం, క్యారట్లు, కొన్న సంవత్సరం, ఎవరు పెట్టారు అని రాయండి.

3. 5 గ్రాముల ఉంగరం ఉంది. గ్రాము 10,000 రూపాయలు. తరుగు నూటికి 6. మజూరీ 1,000. పన్ను నూటికి 3. మొత్తం ఎంత? లెక్క వేయండి. జవాబు 55,620 రూపాయలు రావాలి.

4. మీ ఊళ్లో బంగారం కుదువ పెడితే నెలకు ఎంత వడ్డీ తీసుకుంటున్నారు? సంవత్సరానికి ఎంత అవుతుంది? నలుగురూ కూర్చొని మాట్లాడుకోండి.